సగం ఇంజన్ గొట్టంలోనే ఉంది

విజయనగరంలో మూడు లాంతర్లకు కొద్ది దూరంలో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. నా సెలవు సాయంత్రాలు చాలావరకు అక్కడే గడుస్తాయి. ఆ షెడ్డుకు ఇప్పటికీ యమహా ఆర్‌ఎక్స్ 100లు వస్తుంటాయి. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్లు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు. కిందటి వేసవిలో గజపతినగరం నుంచి ఒక కుర్రవాడు తన మేనమామ బండి తీసుకొచ్చాడు. పాత సైలెన్సర్ తీసేసి, దాని చోట తిన్నని గొట్టం ఒకటి బిగించి ఉంది. చప్పుడు గంటస్తంభం దాకా వినిపించేలా ఉంది కానీ బండి మాత్రం లాగడం లేదు. ఇద్దరెక్కితే చిన్న ఎత్తుకే నీరసపడుతోంది.

"కార్బొరేటర్ ఒకసారి చూడండి మేస్త్రి గారూ" అన్నాడు కుర్రవాడు.

మేస్త్రి కార్బొరేటర్ వైపు చూడనే లేదు. ఆ గొట్టం వంక చూసి, "నువ్వు తీసి పక్కన పెట్టింది సైలెన్సర్ కాదు బాబూ, సగం ఇంజన్" అన్నారు.

ఆ బండిలాగే టూ స్ట్రోక్ ఇంజన్‌తో, మట్టి దిబ్బల మీద పోటీల కోసం చేసే మోటోక్రాస్ బైకును అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి నాకు దొరకలేదు. ఆ బైకుల ఫోటో ఎప్పుడైనా చూసి ఉంటే ముందుగా కంటబడేది దాని గొట్టమే. ఇంజన్ ముందు నుంచి సన్నగా బయలుదేరి, మేకను మింగిన కొండచిలువలా ఉబ్బి, మళ్లీ సన్నబడి, చివర బొటనవేలంత నాళమై వెనక్కి పోతుంది. చూసేవారికి అది అలంకారంలా కనిపిస్తుంది. నిజానికి ఆ బైకులో పవర్ వాల్వు, దగ్గర దగ్గరగా అమర్చిన గేర్లు, ఎప్పుడూ వేలి కింద ఉండే క్లచ్చు, అన్నీ ఆ గొట్టం మొండితనానికి సర్దుకుపోవడానికి వచ్చినవే.

తిత్తి, కిటికీలు

హీరో స్ప్లెండర్ వంటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ నాలుగుసార్లు నడిస్తే ఒకసారి మంట. గాలి రావడానికి ఒక వాల్వు, పొగ పోవడానికి మరొకటి, వాటిని తెరిచి మూసే క్యామ్, దాన్ని తిప్పే చైను. టూ స్ట్రోక్‌లో ఇవేవీ ఉండవు. సిలిండర్ గోడకు కొన్ని కిటికీలు తొలిచి ఉంటాయి, అంతే. పిస్టనే వాటికి తలుపు. కిందికి దిగితే కిటికీలు తెరుచుకుంటాయి, పైకి వెళితే మూసుకుంటాయి. పిస్టన్ పైకీ కిందికీ ఆడే ఆటను చుట్లుగా మార్చే ఇరుసు, అంటే క్రాంకు, ఒక్క చుట్టు తిరిగితే ఒక మంట.

మరి గాలిని లోపలికి తోసేది ఎవరు? కమ్మరి కొలిమి దగ్గర తిత్తిని గుర్తు చేసుకోండి. పైకి లాగితే గాలి లోపలికి వస్తుంది, నొక్కితే ముక్కులోంచి మంట మీదికి పోతుంది. వచ్చిన దారినే తిరిగి పోకుండా లోపల ఒక తోలు నాలుక అడ్డం పడుతుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింది భాగం, క్రాంకు తిరిగే గది కలిసి సరిగ్గా అలాంటి తిత్తి. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు కింద ఖాళీ పెరుగుతుంది. కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన మిశ్రమం ఆ ఖాళీలోకి చొరబడుతుంది. పిస్టన్ దిగేటప్పుడు ఆ మిశ్రమం నలిగి, పక్క గోడల్లోని దారుల గుండా పైకి, సిలిండర్‌లోకి ఎగదన్నుతుంది. ఈ దారులను ట్రాన్స్‌ఫర్ పోర్టులు అంటారు.

టూ స్ట్రోక్ ఆలోచనకు స్కాట్లాండ్ ఇంజనీర్ డ్యూగాల్డ్ క్లర్క్ 1881లో పేటెంటు తీసుకున్నాడు. కానీ క్రాంకు గదినే తిత్తిగా వాడుకునే తెలివి ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణానికి చెందిన జోసెఫ్ డేది, 1890 ప్రాంతంలో. మోపెడ్ నుంచి మోటోక్రాస్ దాకా అందరూ ఆయన బాటలోనే నడిచారు.

తోలు నాలుక చేసే పని ఇక్కడ రీడ్ వాల్వుది. పల్చని రేకులు, నేటి మోటోక్రాస్ బైకుల్లో అయితే గాజుపీచు లేదా కార్బన్ పీచుతో చేసినవి, ఒక చిన్న గోపురం మీద పరుచుకుని ఉంటాయి. లోపల పీడనం తగ్గితే తమంతట తామే విచ్చుకుంటాయి, పెరిగితే అతుక్కుంటాయి. హార్మోనియంలో రీడు ఎంత సున్నితమో ఇదీ అంతే. రేకు కొస విరిగిందంటే బండి కిక్కుకు సరిగా అందుకోదు, తక్కువ వేగంలో తడబడుతుంది. పాత జావా, యెజ్డీ బండ్లలో ఈ రీడు లేదు. అక్కడ లోపలికి వచ్చే దారినీ పిస్టన్ అంచే మూసేది. ఆర్‌ఎక్స్ 100 తక్కువ వేగంలోనూ చురుగ్గా స్పందించడానికి రీడు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు అసలు చిక్కు. పిస్టన్ దిగుతుండగా ముందు పొగ కిటికీ తెరుచుకుంటుంది, ఆ తరువాత క్షణంలో ట్రాన్స్‌ఫర్ కిటికీలు. అంటే కాలిన పొగ ఇంకా పోతూ ఉండగానే కొత్త మిశ్రమం వచ్చిపడుతుంది. పిస్టన్ తిరిగి పైకి వచ్చేటప్పుడు ట్రాన్స్‌ఫర్‌లు ముందు మూసుకుంటాయి, పొగ కిటికీ చివరికి. ఆ మధ్యలో తలుపు బార్లా తీసిన ఇల్లులా ఉంటుంది సిలిండర్. కొత్త మిశ్రమంలో కొంత, కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది.

దీన్ని తగ్గించడానికి మొదట్లో పిస్టన్ తల మీద ఒక గుట్ట లాంటిది పెట్టేవారు, మిశ్రమం దానికి తగిలి పైకి తిరుగుతుందని. ఆ గుట్ట బరువు, పైగా వేడెక్కేది. 1920లలో జర్మనీలో అడాల్ఫ్ ష్న్యూర్లే దాన్ని తీసేసి, పక్కల నుంచి వచ్చే రెండు ధారలనూ పొగ కిటికీకి ఎదురు గోడ వైపు వంచాడు. ధారలు ఆ గోడకు తగిలి, పైకి ఎగసి, తల దగ్గర మలుపు తిరిగి కిందికి దిగుతూ పొగను తమ ముందు తోసుకుపోతాయి. నేటి పిస్టన్ తల దాదాపు చదునుగా ఉండడం ఆయన చలవే. అయినా నష్టం పూర్తిగా ఆగలేదు. మిగిలిన పని గొట్టం చేయాల్సి వచ్చింది.

జాతరలో తోపులాట

గొట్టం లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి సిరిమానోత్సవం కంటే దగ్గరి ఉపమానం నాకు తట్టలేదు.

పైడితల్లి అమ్మవారి గుడి నుంచి ఒక ఇరుకు సందు గుండా జనం బయటికి వస్తున్నారనుకోండి. సందు చివర ఒక్కసారిగా విశాలమైన మైదానం. ముందున్నవారికి చోటు దొరికి గబగబా సాగిపోతారు. వారి వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపడానికి వెనకవారు ముందుకు వస్తారు, వారి వెనక మళ్లీ ఖాళీ. మనుషులు ముందుకే నడుస్తున్నా, ఆ ఖాళీ మాత్రం వెనక్కి, గుడి గుమ్మం దాకా పాకుతుంది. గుమ్మం దగ్గరున్నవారిని ఎవరో లాగినట్టు బయటికి వచ్చేస్తారు. ఆ ఊపులో, దర్శనం కాని కొత్తవారు కూడా కొందరు గుమ్మం దాటి బయట పడతారు. ఇంతలో మైదానం చివర ముందున్నవారు కంచెకు తగిలి ఆగిపోతారు. ఈసారి వెనక్కి పాకేది ఖాళీ కాదు, తోపు. అది గుమ్మం దాకా వచ్చి, పొరపాటున బయటపడ్డ కొత్తవారిని మళ్లీ లోపలికి నెడుతుంది. సరిగ్గా అప్పుడే తలుపు మూసుకుంటుంది.

గుమ్మం పొగ కిటికీ. దర్శనం అయినవారు కాలిన పొగ, కానివారు కొత్త మిశ్రమం. సందు ఇంజన్ నుంచి వచ్చే సన్న గొట్టం, మైదానం వెడల్పయ్యే శంకువు, కంచె మళ్లీ ముడుచుకునే రెండో శంకువు. కిటికీ తెరుచుకోగానే పుట్టిన పీడన తరంగం గొట్టంలో పరుగెత్తుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట అది పీల్పుగా మారి వెనక్కి వచ్చి సిలిండర్‌ను ఊడుస్తుంది. ముడుచుకునే చోట తోపుగానే తిరిగి వచ్చి, గొట్టంలోకి చిందిన మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లో కుక్కుతుంది. ఒక్క కదిలే భాగం లేదు. రేకును చుట్టి అతికిన గొట్టం, వాల్వూ పంపూ కలిసి చేయాల్సిన పనిని చేస్తోంది.

ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరించే విషయం ఇది. అందుకే లెక్క కూడా చూద్దాం. మోటోక్రాస్ ఇంజన్‌లో పొగ కిటికీ, క్రాంకు చుట్టులోని 360 డిగ్రీల్లో సుమారు 190 డిగ్రీల సేపు తెరిచి ఉంటుంది. నిమిషానికి 9,000 చుట్ల వేగంలో ఒక చుట్టుకు 6.7 మిల్లీ సెకన్లు పడుతుంది. అందులో 190 డిగ్రీలంటే దాదాపు 3.5 మిల్లీ సెకన్లు. తరంగం వెళ్లి, తగిలి, తిరిగి వచ్చి, తలుపు మూసుకునే లోపు తోసేయడానికి ఉన్న గడువు అంతే. వేడి పొగలో శబ్దం సెకనుకు సుమారు 500 మీటర్లకు కొంచెం పైన పరుగెత్తుతుంది. 3.5 మిల్లీ సెకన్లలో 1.8 మీటర్లు. రానూపోనూ దూరం కనుక సగం చేస్తే, కిటికీ నుంచి రెండో శంకువు దాకా గొట్టం పొడవు 90 సెంటీమీటర్లు. మోటోక్రాస్ బైకు గొట్టాన్ని టేపుతో కొలిచినా ఈ లెక్కకు దరిదాపుల్లోనే తేలుతుంది.

అదే గొట్టంతో 6,000 చుట్ల వేగంలో ఏమవుతుంది? కిటికీ ఇప్పుడు 5.3 మిల్లీ సెకన్లు తెరిచి ఉంటుంది. తరంగం మాత్రం తన వేగం మార్చుకోదు, 3.5 మిల్లీ సెకన్లకే తిరిగి వచ్చేస్తుంది. అప్పటికి ట్రాన్స్‌ఫర్‌లు ఇంకా మూసుకోలేదు. తోపు వచ్చి కొత్త మిశ్రమాన్ని వచ్చిన దారినే కిందికి నెడుతుంది. మేలు చేయాల్సిన గొట్టం కీడు చేస్తుంది. 11,000 దగ్గర ఇంకో తంటా: తరంగం వచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. అందుకే టూ స్ట్రోక్ మోటోక్రాస్ బైకు కింది వేగాల్లో సోమరిలా ఉండి, ఒక చోట హఠాత్తుగా చెలరేగి, పైన మళ్లీ చతికిలబడుతుంది. ఆ నడుమ పట్టీనే పవర్ బ్యాండ్ అంటారు.

ఊరు విజయనగరం కనుక సంగీతం మాట రాక తప్పదు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యుడిగా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరిది. సన్నాయి గొట్టం పొడవు మారితే స్వరం మారినట్టే, ఇక్కడ గొట్టం పొడవు మారితే ఇంజన్ చెలరేగే వేగం మారుతుంది. పొడుగైతే కింద, పొట్టిదైతే పైన. 9,000 చుట్లంటే సెకనుకు 150 మంటలు. అంటే 150 హెర్ట్జ్ నాదం, రెండు శ్రుతికి పాడే గాయకుడి ఆధార షడ్జానికి చాలా దగ్గర. అదే వేగంలో ఒంటి సిలిండర్ ఫోర్ స్ట్రోక్‌లో సెకనుకు 75 మంటలే కనుక సరిగ్గా ఒక స్థాయి కింద, మంద్రంలో పలుకుతుంది. టూ స్ట్రోక్ గొంతు సన్నగా, పదునుగా ఎందుకుంటుందో ఇందులోనే ఉంది.

ఈ విద్యను లోతుగా సాధించినవాడు తూర్పు జర్మనీలోని చోపావులో ఎంజెడ్ అనే మోటార్‌సైకిల్ కంపెనీ రేసింగ్ విభాగాన్ని నడిపిన వాల్టర్ కాడెన్. డబ్బు లేదు, మంచి సామగ్రి లేదు. ఆసిలోస్కోప్ మీద గొట్టంలోని పీడన తరంగాలను చూస్తూ శంకువుల కోణాలు మార్చుకుంటూ పోయాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది, అంటే లీటరుకు 200. టర్బో వంటి బయటి సాయం లేకుండా ఇంజన్‌ను ఆ మెట్టు ఎక్కించిన ఘనత ఆయనది. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ పోటీ నుంచి పశ్చిమానికి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకీలో చేరాడు. 1962లో సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ తరువాత జపాన్ టూ స్ట్రోక్‌లు ఎక్కడికి వెళ్లాయో మనకు తెలుసు. మన ఊళ్లోకి యమహా, సుజుకీ, కవాసకీ పేర్లతో 1980లలో వచ్చిన 100 సీసీ బండ్ల సైలెన్సర్‌లలోనూ ఆ విద్య ఛాయ ఉంది. కాడెన్‌కు తన చేతి పనికి తగిన ప్రతిఫలం ఎన్నడూ దక్కలేదు. ఆ మాట రాసేటప్పుడు నాకు బాధగానే ఉంటుంది.

గొట్టం చివర సన్న నాళం గురించి ఒక మాట. అది లోపల కొంత పీడనం నిలిపి ఉంచుతుంది. మరీ వెడల్పు చేస్తే తరంగం బలహీనపడుతుంది, మరీ ఇరుకైతే వేడి లోపలే నిలిచి పిస్టన్‌కు ముప్పు. ఆ నాళం తరువాత ఉండే చిన్న డబ్బానే నిజమైన సైలెన్సర్.

మొండి గొట్టాన్ని ఒప్పించడం

గొట్టం పొడవు మారదు. కాబట్టి ఇంజనీర్లు దాని చుట్టూ ఉన్నవాటిని కదిలించడం మొదలుపెట్టారు. అన్నిటిలో గొప్పది పవర్ వాల్వు. పొగ కిటికీ పైఅంచు ఎత్తుగా ఉంటే అది ముందుగా తెరుచుకుని, ఆలస్యంగా మూసుకుంటుంది. పై వేగాలకు మంచిది. అంచు కిందికి ఉంటే కింది వేగాల్లో లాగుడు బాగుంటుంది. రెండూ కావాలంటే అంచే కదలాలి. యమహా 1970ల చివర తన రేసు బైకుల్లో కిటికీ పైభాగాన ఒక తిరిగే దిమ్మ పెట్టింది. తక్కువ వేగంలో అది కిటికీని సగం కప్పుతుంది, వేగం పెరిగేకొద్దీ పైకి తప్పుకుంటుంది. మోటోక్రాస్ బైకుల్లో చాలావాటికి దీన్ని కదిపేది చిన్న గవర్నర్: ఇంజన్‌తో పాటు తిరిగే గుండ్లు వేగం పెరిగితే బయటికి ఎగదన్ని, ఒక కడ్డీని నెడతాయి. హోండా 1980ల నడుమ ఇంకో దారి పట్టింది. కిటికీని వదిలేసి, గొట్టానికి పక్కన ఒక చిన్న గదిని తగిలించి, తక్కువ వేగంలో దాని తలుపు తెరిచింది. గొట్టం ఘనపరిమాణం పెరిగి, పొడుగు గొట్టంలా నడుచుకుంటుంది.

పవర్ వాల్వు మీద ఆయిలు మసి పేరుకుని బిగుసుకుపోవడం సాధారణం. మూసుకున్న స్థితిలో ఇరుక్కుంటే పైన గొంతు నొక్కినట్టు ఉంటుంది, తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే కింద ప్రాణం ఉండదు. ఈ ఒక్క భాగాన్ని విప్పి తుడిస్తే తీరే జబ్బుకు కార్బొరేటర్ జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల మరలు, మార్చి మార్చి అలసిపోయినవారిని నేను చూశాను.

మరో ఉపాయం మరింత సూక్ష్మం. ఇంజన్ బాగా పై వేగంలో ఉన్నప్పుడు స్పార్కు వేళను చూసే ఎలక్ట్రానిక్ పెట్టె (సీడీఐ) ఆ స్పార్కును కావాలనే ఆలస్యం చేస్తుంది. మంట ఆలస్యమైతే వేడి పిస్టన్‌కు కాక గొట్టానికి ఎక్కువగా చేరుతుంది. గొట్టం వేడెక్కితే అందులో శబ్దవేగం పెరుగుతుంది. తరంగం తొందరగా తిరిగి వస్తుంది. అంటే గొట్టం పొట్టిదైనట్టు లెక్క! పవర్ బ్యాండ్ పైకి మరికొంత సాగుతుంది.

ఇంత చేసినా మిగిలిన ఎగుడుదిగుళ్లను రైడర్ ఎడమ చెయ్యి సరిచేయాలి. అందుకే గేర్ల మధ్య దూరం తక్కువగా ఉంటుంది. ఒక గేరు నుంచి పై గేరుకు వెళ్లినా ఇంజన్ పవర్ బ్యాండ్ కిందికి జారకూడదు. యమహా మోటోక్రాస్ బైకు వైజెడ్ 250కి అయిదు గేర్లు చాలు, పవర్ బ్యాండ్ ఇరుకైన వైజెడ్ 125కి ఆరు కావాలి. క్లచ్చు ఆయిలులో మునిగిన అనేక ప్లేట్లది. మలుపులో వేగం పడిపోతే రైడర్ దాన్ని వేలితో క్షణం మీటి వదులుతాడు. ఇంజన్ ఎగసి మళ్లీ తన చోటికి చేరుకుంటుంది.

నూరు కిలోల బండి

వైజెడ్ 250 సిలిండర్ వ్యాసం 66.4 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 72. మొత్తం 249 సీసీ. పెట్రోలుతో సహా బరువు 103 కిలోల దగ్గర. మన ఆర్‌ఎక్స్ 100 బరువూ దాదాపు నూరు కిలోలే. 50కి 50 మిల్లీమీటర్ల సిలిండర్‌తో, 98 సీసీతో, అది 7,500 చుట్ల దగ్గర 11 హార్స్‌పవర్ ఇచ్చేది. అంత బరువులోనే వైజెడ్ 250 నలభైకి పైన ఇస్తుంది.  లైట్లు, ఇండికేటర్లు, హారన్ ఏవీ ఉండవు. అందుకే దాన్ని రోడ్డు మీదికి తేలేం. అది పోటీ మైదానం కోసమే.

చల్లదనానికి రెండు వైపులా చిన్న రేడియేటర్లు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 19. రెండు వైపులా సుమారు 300 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ప్రయాణం, అంటే ఒక అడుగు. వెనక ఒకే షాక్ అబ్జార్బర్ పెట్టే పద్ధతిని బెల్జియంకు చెందిన లూసియన్ టిల్కెన్స్ రూపొందించాడు. దాన్ని యమహా తీసుకుంది. 1973లో హకాన్ ఆండర్సన్ ఆ బైకు మీద 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. దుక్కిలో, ఇసుక మేటల్లో చక్రం నేలను వదలకుండా ఉండడానికి ఇది చాలా పెద్ద మలుపు.

ఆయిలు గురించిన అపోహ

తిత్తిగా వాడే గదిలో ఆయిలు నిలవ పెట్టలేం కదా. అందుకే పెట్రోలులోనే ఆయిలు కలపాలి. ఆర్‌ఎక్స్ 100లో ఆయిలుకు వేరే ట్యాంకు, పంపు ఉండేవి. మోటోక్రాస్ బైకుల్లో ఎక్కువ భాగం చేత్తో కలపడమే. 30కి 1 పాళ్లంటే లీటరుకు 33 మిల్లీలీటర్లు, 40కి 1 అంటే 25. గేర్లకు, క్లచ్చుకు వేరే గదిలో వేరే ఆయిలు.

"కాస్త ఎక్కువ పోస్తే మంచిదే కదా" అనే మాట షెడ్డులో వారానికి ఒకసారైనా వింటాను. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. జెట్టు రంధ్రం గుండా పోయే ద్రవం పరిమాణం దాదాపు స్థిరం. అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు తగ్గుతుంది. గాలి అంతే ఉంటుంది. అంటే ఆయిలు పెంచితే మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం వేడిగా మండుతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను పట్టేస్తుంది. ఇంజన్‌ను కాపాడబోయి దానికే ఎసరు పెట్టినట్టవుతుంది. పాళ్లు మారిస్తే జెట్టూ సరిచూసుకోవాలి.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. మన మైదానంలో సరిపోయిన జెట్టు, శృంగవరపుకోట దాటి 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరేసరికి ఎక్కువైపోతుంది, గాలి పలచబడుతుంది కనుక. ప్లగ్గు నల్లబడి తడుస్తుంది. తిరుగు ప్రయాణంలో ప్రమాదం వేరే రకం. ఆయిలు పెట్రోలులోనే కలిసిన బండిలో, ఘాటు దిగుతూ యాక్సిలరేటర్ మూసి ఇంజన్ బ్రేకు మీద చాలాసేపు దించితే, ఇంజన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం దాదాపు రాదు. పెట్రోలు రాకపోతే ఆయిలూ రాదు. పాత యెజ్డీ నడిపినవారు దిగేటప్పుడు మధ్యమధ్య యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పేవారు. ఆ అలవాటు ఎంతో తెలివైనది.

క్రాంకుకు రెండు చివరలా ఉండే రబ్బరు సీళ్లు చూడడానికి ఏమంత గొప్పగా ఉండవు, కానీ తిత్తికి చిల్లి పడేది అక్కడే. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. ఇంజన్ ఐడిల్‌లో దానంతట అదే రేగిపోతుంటుంది. గేర్ల వైపు సీలు పోతే గేరు ఆయిలు మంటలోకి వెళ్లి తెల్లటి దట్టమైన పొగ వస్తుంది, గేరు ఆయిలు తగ్గిపోతుంటుంది. ఏ వైపు పోయిందో పొగను చూసి చెప్పగలగడం మంచి మేస్త్రి గుర్తు.

చింతపల్లి సముద్రతీరంలోనో, చంపావతి ఇసుకలోనో టూ స్ట్రోక్ నడిపేవారు ఎయిర్ ఫిల్టర్ విషయంలో రవ్వంత కూడా ఉపేక్షించకూడదు. ఫోర్ స్ట్రోక్‌లో దుమ్ము నేరుగా పైకి పోతుంది. ఇక్కడ గాలి ముందు క్రాంకు గదిలోకే వస్తుంది కనుక, దుమ్ము పిస్టన్ కంటే ముందు కనెక్టింగ్ రాడ్ బేరింగులను తింటుంది. పిస్టన్ మార్చడం పెద్ద పని కాదు, మోటోక్రాస్‌లో అది నడిచిన గంటల లెక్కన క్రమం తప్పకుండా చేసేదే. బేరింగు పోతే ఇంజన్ మొత్తం చీల్చాలి. పైగా ఈ బైకుల సిలిండర్‌కు ఆర్‌ఎక్స్ 100లా ఇనుప లైనర్ ఉండదు, అల్యూమినియం మీద నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత ఉంటుంది. అది గీరుకుపోతే మన ఊళ్లో బోరు చేయించి పెద్ద పిస్టన్ వేయడం కుదరదు.

ఎందుకు తగ్గాయి

సిలిండర్ తలుపు బార్లా ఉండే ఆ క్షణమే టూ స్ట్రోక్‌లను రోడ్డు మీద నుంచి వెళ్లగొట్టింది. గొట్టం చిందిన మిశ్రమాన్ని తిరిగి తోసేది తన పట్టీలో ఉన్నప్పుడే; ఊళ్లో నెమ్మదిగా పోయే బండి ఆ పట్టీకి చాలా కింద తిరుగుతుంది. కాలని పెట్రోలు, ఆయిలు పొగ గాలిలో కలుస్తాయి. ఉద్గార నిబంధనలు బిగిసేకొద్దీ బండ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. టూ స్ట్రోక్ మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతాను.

పోటీల్లో మాత్రం తగ్గుదలకు కారణం వేరు. 1997లో డగ్ హెన్రీ యమహా 400 సీసీ ఫోర్ స్ట్రోక్ మీద లాస్ వేగస్‌లో సూపర్‌క్రాస్, అంటే స్టేడియంలో జరిగే మోటోక్రాస్ పోటీ, గెలిచాడు. నిబంధనలు 250 సీసీ టూ స్ట్రోక్ ఎదుట 450 సీసీ ఫోర్ స్ట్రోక్‌ను, 125 ఎదుట 250ని నిలబెట్టాయి. దాదాపు రెట్టింపు సీసీ ఉంటే మంటల సంఖ్యలో టూ స్ట్రోక్‌కు ఉన్న ఆధిక్యం చెల్లిపోతుంది, పైగా ఫోర్ స్ట్రోక్‌కు ఇరుకు పట్టీ బెడద లేదు.

కథ అక్కడ ఆగలేదు. కేటీఎం 2018 మోడల్ ఎండ్యూరో బైకుల్లో, అంటే కొండ, అడవి దారుల్లో సాగే పోటీల బైకుల్లో, పెట్రోలును ట్రాన్స్‌ఫర్ దారుల్లోకి ఇంజెక్టర్లతో చిమ్మించింది. తిత్తిలోకి గాలి, ఆయిలు మాత్రమే వస్తాయి. ఎంత పెట్రోలు, ఎప్పుడు అన్నది కంప్యూటర్ చూసుకుంటుంది. 2023 మోడల్ మోటోక్రాస్ బైకుల్లో కార్బొరేటర్‌ను తీసి, గాలి వచ్చే దారిలోనే పెట్రోలు చిమ్మే థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ పెట్టి, పవర్ వాల్వును విద్యుత్తుతో నడిపించింది. ఎత్తు మారినా, ఎండ మారినా జెట్లు మార్చే పని లేదు. అన్నీ మారిన ఆ బైకులో మారనిది ఒక్కటే, ఇంజన్ ముందు నుంచి ఉబ్బుతూ వచ్చే ఆ గొట్టం.

పొట్ట ఉన్న గొట్టమల్లా మంచిదేనని అనుకోకూడదు. కాలేజీ రోజుల్లో నేనూ నా ఆర్‌ఎక్స్‌కు రేసు గొట్టమంటూ ఒక దుకాణంలో అమ్మినదాన్ని కొని బిగించాను. అది ఏ వేగానికి కొలిచి చేసిందో అమ్మినవారికీ తెలియదు, నాకూ తెలియదు. 7,500 దగ్గర ఊపిరి అయిపోయే ఇంజన్‌కు అంతకంటే పైన పనిచేసే పొట్టి గొట్టం తగిలిస్తే, నడుమ ఉన్న లాగుడు పోతుంది, పైన వచ్చేది ఏమీ ఉండదు. ఏడాది పాటు ఆ బండి మీద రామతీర్థం వెళ్లిన ప్రతిసారీ ఎత్తు దగ్గర రెండో గేరు వేయాల్సి వచ్చింది.

గజపతినగరం కుర్రవాడికి మేస్త్రి శ్రీకాకుళంలో తెలిసినవారి దగ్గర నుంచి అసలు సైలెన్సర్ ఒకటి తెప్పించారు. లోపల ఏళ్ల తరబడి పేరుకున్న మసి. కాస్టిక్ సోడా నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు కడిగితే తారులా నల్లటి నీళ్లు కారాయి. దాన్ని బిగించి, కార్బొరేటర్‌ను మాత్రం ముట్టుకోకుండా, కుర్రవాడినీ నన్నూ బండి ఎక్కమన్నారు. కోట దాటి ఖాళీ రోడ్డు మీదికి వచ్చాక మూడో గేరులోనే, ఇద్దరం కూర్చుని ఉండగా, బండి అందుకుంది. చప్పుడు సగానికి తగ్గింది. కుర్రవాడు ఒకసారి వెనక్కి తిరిగి నా వంక చూసి, మళ్లీ యాక్సిలరేటర్ తిప్పాడు.